రొయ్యల చెరువులో ఏరియేటర్లు: యూనిట్ కరెంటుకు ఎక్కువ ఆక్సిజన్ రాబట్టడం ఎలా

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులైనా, కోనసీమలో ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం వైపు చెరువులైనా వనామి రొయ్యల రైతు లెక్కల పుస్తకంలో మేత తర్వాత బరువైన పద్దు కరెంటు, డీజిలే. ఆ పద్దు తగ్గించుకోవాలని చాలామంది మొదట చేసే పని, ఏరియేటర్లు (నీటిని చిమ్మి ఆక్సిజన్ కలిపే చక్రాల యంత్రాలు) తిరిగే గంటలు కోసేయడం. డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) చూడకుండా గంటలు కోస్తే కరెంటులో మిగిలింది ఒక్క రాత్రిలో రొయ్యల రూపంలో పోతుంది. చూసుకోవలసిన లెక్క వేరు. మీటరులో తిరిగిన ఒక్కో యూనిట్‌కు నీళ్లలోకి ఎంత ఆక్సిజన్ దిగుతోంది? ఆ లెక్క బాగుపడితే గంటలు వాటంతట అవే తగ్గుతాయి.

పనులకు ఒక వరస ఉంది. ముందు కొలత, తర్వాత చక్రాల మునక, వైర్లు, ఆ పైన మోటారు, ఆటోమేటిక్ కంట్రోలు. సోలారు ఆఖర్న. ఈ వరస తిరగేసి ముందే ప్యానెళ్లు పెడితే, వైర్లలో కాలిపోయే కరెంటు కోసం ప్యానెళ్లు కొన్నట్టే అవుతుంది.

ఆక్సిజన్ ఎప్పుడు దిగుతుంది, ఎప్పుడు దిగదు

30 డిగ్రీల వేడి, 15 పీపీటీ (వెయ్యి వంతుల్లో 15) ఉప్పు ఉన్న నీరు గాలి నుంచి పట్టుకోగల ఆక్సిజన్ సుమారు 7 పీపీఎం (లీటరుకు 7 మిల్లీగ్రాములు). ఏరియేటర్ నీళ్లలోకి దించేది ఈ 7కీ, ఆ క్షణాన చెరువులో ఉన్న డీవోకీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. డీవో 3 ఉంటే తేడా 4. డీవో 6 ఉంటే తేడా 1. అంటే అదే మోటారు, అదే కరెంటు, కానీ రెండోసారి దిగేది మొదటిదాంట్లో నాలుగో వంతు. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం ప్లాంక్టన్ (నీటిలోని సూక్ష్మ నాచు) వల్ల డీవో 9, 10కి కూడా ఎక్కుతుంది. అప్పుడు చక్రాలన్నీ తిప్పితే ఉన్న ఆక్సిజన్‌ను గాలిలోకి చిమ్మి పారబోస్తాం. రాత్రికి దాచుకోవలసిన సరుకు అది.

అలాగని పగలు అన్నీ ఆపకూడదు. ఆపితే పైనీరు వేడెక్కి, అడుగునీరు చల్లగా ఉండిపోయి రెండూ కలవవు. రొయ్య బతికేది అడుగున. పైన 10 ఉన్నా అడుగున 3 ఉండొచ్చు. అందుకే ఎండ వేళ నాలుగో వంతు ఏరియేటర్లు, వాటిలోనూ నీటిని చెరువు చుట్టూ తిప్పేవి నడిపితే నీరు కలవడానికి సరిపోతుంది. ఒక మినహాయింపు ఉంది. పెద్ద వాన పడితే మంచినీరు తేలికగా పైన పరుచుకుని, ఉప్పునీరు కింద బిగుసుకుపోతుంది. మబ్బు పట్టడంతో ప్లాంక్టన్ కూడా ఆక్సిజన్ చేయదు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో పగలైనా సరే అన్నీ నడపాలి. ఆ రోజు పొదుపు మాట ఎత్తకండి.

కొలత

మంచి డీవో మీటరు కొనండి. ఆప్టికల్ ప్రోబ్ ఉన్నది ఖరీదెక్కువే అయినా పొర మార్చడం, ద్రావణం నింపడం ఉండవు, రీడింగు జారడమూ తక్కువ. మీటరులో నీటి ఉప్పు పీపీటీ నమోదు చేయాలి. సున్నా మీద వదిలేస్తే 15 పీపీటీ నీటిలో అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది, రైతు ధైర్యంగా పడుకుంటాడు. ప్రోబ్‌ను అడుక్కి జానెడు పైన ఉంచి, ఏరియేటర్ చిమ్మే చోటికి దూరంగా కొలవాలి. తూము మీద నుంచి చేయి చాచి పైనీట్లో ముంచి చూస్తే ఆ అంకెతో పని లేదు.

తెల్లవారుజామున 5 గంటలకు, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి, 11కి. ఈ నాలుగూ పుస్తకంలో రాయాలి. రాత్రి రెండు రీడింగులతో తెల్లవారుజామున ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది. ఉదాహరణకు 8 గంటలకు 6.4, 11కి 5.2 ఉందనుకోండి. మూడు గంటల్లో 1.2 పడింది, అంటే గంటకు 0.4. ఇదే వేగంతో పోతే డీవో 4కి దిగేది రాత్రి 2 గంటలకు. కాబట్టి మిగతా ఏరియేటర్లు ఒంటిగంటన్నరకు వేస్తే చాలు, సాయంత్రం 6 నుంచే అన్నీ తిప్పనక్కరలేదు. ఈ లెక్క సరిగ్గా రావాలంటే రెండు రీడింగుల మధ్య నడిచే ఏరియేటర్ల సంఖ్య మార్చకూడదు. డీవో 4 కిందకు పోనివ్వకండి. 3కి దిగితే మేత తినడం తగ్గుతుంది, రోగం ఎక్కడానికి దారి దొరుకుతుంది.

ఎన్ని హెచ్‌పీలు

చెరువులో ఉన్న రొయ్య బరువుకు 400 నుంచి 500 కిలోలకు ఒక హెచ్‌పీ అన్నది నమ్మదగిన కొలత. ఎకరం చెరువులో చదరపు మీటరుకు 40 చొప్పున 1.6 లక్షల సీడు (రొయ్య పిల్లలు) వేశారనుకుందాం. నెల దాటాక 3 గ్రాముల సైజులో బరువు 450 కిలోల లోపే, ఒక హెచ్‌పీతో ఆక్సిజన్ అవసరం తీరుతుంది. 10 గ్రాములకు వచ్చేసరికి 1,400 కిలోలు, 3 హెచ్‌పీలు. 80 శాతం బతికి 50 కౌంటుకు (కిలోకు 50 రొయ్యలు) వస్తే 2,500 కిలోలు దాటుతుంది, 6 హెచ్‌పీలు కావాలి. మొదటి నెల నుంచీ 6 హెచ్‌పీలూ రాత్రంతా తిప్పే చెరువులో ఆ నెల కరెంటులో చాలా భాగం వృథా. వారానికోసారి విసురువలతో సైజు చూసి బరువు లెక్క కట్టండి. అయితే ప్లాంక్టన్ ముదిరిన చెరువు రాత్రిపూట రొయ్యకంటే ఎక్కువ ఆక్సిజన్ తాగుతుంది, కాబట్టి చివరి మాట డీవో మీటరుదే.

ఇక్కడే మేత సంగతి చెప్పాలి. తినకుండా కుళ్లిన కిలో మేత దాదాపు 1.2 కిలోల ఆక్సిజన్ లాగుతుంది. మన చక్రాల ఏరియేటర్, డీవో 4 దగ్గరున్న చెరువులో, యూనిట్‌కు అర కిలో అటూఇటుగా దించగలదు. అంటే వృథా అయిన ఒక్కో కిలో మేత వెనక రెండు యూనిట్లకు పైగా కరెంటు పోతుంది. చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలిందంటే, మీటరు కూడా ఊరికే తిరిగిందన్నమాట.

చక్రం ఎంత మునగాలి

రెక్క కొస నీళ్లలో 10 సెంటీమీటర్లు మునగాలి. అంతకన్నా లోతుగా మునిగితే మోటారు మీద బరువు పెరిగి ఆంపియర్లు ఎక్కుతాయి, నీరు చిమ్మకుండా మోసుకుపోతుంది. తక్కువ మునిగితే కరెంటు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ ఆక్సిజన్ అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. కొత్తప్పుడు సరిగ్గా ఉన్న మునక నెలలు గడిచేకొద్దీ మారుతుంది. ఫ్లోటులో నీరు చేరుతుంది, దాని అడుగున నాచు పడుతుంది, క్రీకు నీరు వాడే చోట గవ్వలు పేరుకుంటాయి. ఏరియేటర్ ఒక పక్కకు ఒరిగి ఆ వైపు చక్రం లోతుగా దిగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి ఆంపియర్లు కొలిచే మీటరు) చాలు. నేమ్ ప్లేటు మీద ఫుల్ లోడ్ ఆంపియర్లు చూడండి, 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారుకు 3.4 దరిదాపుల్లో ఉంటుంది. పదిహేను రోజులకోసారి మూడు ఫేజుల్లోనూ కొలిచి బోర్డు తలుపు లోపల రాసుకోండి. మూడు ఫేజుల్లోనూ సమానంగా పెరిగితే మునక ఎక్కువైంది, లేదా షాఫ్టు బుష్ పట్టేస్తోంది, లేదా గేరుబాక్సు ఎండింది. ఒక ఫేజులోనే తేడా ఉంటే లోపం చక్రంలో లేదు. జాయింటులోనో, కాంటాక్టరులోనో, లైన్ ఓల్టేజీలోనో ఉంది.

గేరుబాక్సు ఆయిలు ప్రతి పంట తర్వాతా మార్చాలి. తీసిన ఆయిలు పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు చేరింది. సీలు మార్చకుండా కొత్త ఆయిలు పోస్తే తర్వాతి పంట నడిమధ్యలో గేరు అరిగిపోతుంది. కొత్త ఏరియేటర్ కొనేటప్పుడు గేరు రకం అడగండి. వర్మ్ గేరులో మోటారు శక్తి చాలానే వేడిగా పోతుంది, బెవెల్ లేదా హెలికల్ గేరులో ఆ నష్టం బాగా తక్కువ. గేరే లేకుండా పర్మనెంట్ మాగ్నెట్ మోటారుతో నేరుగా షాఫ్టు తిప్పే రకాలూ ఉన్నాయి. కరెంటు పరంగా అవి మేలే, కానీ వాటి డ్రైవ్ బోర్డు ఉప్పుగాలికి పోతే రాత్రికి రాత్రి బాగుచేసే మనిషి మీ ఊళ్లో ఉన్నాడో లేడో చూసుకుని కొనండి.

అడుగున ట్యూబులు పరిచి బ్లోయరుతో గాలి కొట్టే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. మన రొయ్యల చెరువుల లోతు నాలుగైదు అడుగులే. బుడగ పైకి చేరే దూరం తక్కువ, ఆక్సిజన్ కరిగే వ్యవధీ తక్కువ. చక్రాలకు తోడుగా సరే, చక్రాలు తీసేసి ఇవే పెట్టుకుంటే యూనిట్‌కు వచ్చే ఆక్సిజన్ పెరగదు.

వైర్లు: ఎవరూ చూడని ఖర్చు

డెల్టా చెరువుల్లో మోటారు షెడ్డు నుంచి ఏరియేటర్ దాకా వందల మీటర్లు సన్న అల్యూమినియం వైరు గట్ల మీద పాకుతూ ఉంటుంది. లెక్క చూడండి. షెడ్డుకు 200 మీటర్ల దూరంలో 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు, మొత్తం 13.6 ఆంపియర్లు, 4 ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు) అల్యూమినియం వైరు. ఆ వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓంలు. మూడు ఫేజుల్లో కలిపి వైరులోనే వేడిగా పోయేది దాదాపు 820 వాట్లు. దాదాపు ఒక హెచ్‌పీ ఏరియేటర్ నడిచేంత కరెంటు గట్టు మీదే కాలిపోతోంది. పైగా చివర ఓల్టేజీ 28 ఓల్టుల దాకా పడుతుంది. ఓల్టేజీ పడితే మోటారు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగి ఇంకా వేడెక్కుతుంది.

అదే చోట 10 ఎంఎం అల్యూమినియం కేబుల్ వేస్తే నష్టం 340 వాట్లకు దిగుతుంది. 16 ఎంఎం వేస్తే సుమారు 210. 4 నుంచి 10కి మారితే రోజుకు 14 గంటల చొప్పున 120 రోజుల పంటకు మిగిలేది 800 యూనిట్లు. ఇంకేం మార్చకుండా, వైరు ఒక్కటి మార్చినందుకు. రాయితీ ధరకు కరెంటు వచ్చే చెరువుకూ ఇది లాభమే, ఎందుకంటే జనరేటర్ నడిచేటప్పుడు ఇదే నష్టం డీజిలులో పోతుంది.

మీ చెరువులో ఎంత పోతోందో తెలుసుకోవడం సులువు. అన్ని ఏరియేటర్లూ నడుస్తుండగా షెడ్డు బోర్డు దగ్గరా, చివరి ఏరియేటర్ స్టార్టరు దగ్గరా ఓల్టేజీ కొలిపించండి. తేడా 12 ఓల్టులు దాటితే వైరు సన్నం, లేదా మధ్యలో జాయింటు చెడింది. రాగి, అల్యూమినియం కలిపి మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఉప్పుగాలికి నెలల్లో తెల్లటి బూడిద పడుతుంది. అక్కడ బైమెటల్ లగ్గులు వేసి, నీరు దూరని పెట్టెలో బిగించాలి. నీళ్లలో జాయింటు ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు.

ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం. ఏరియేటర్ దగ్గరకు నడుములోతు నీళ్లలో వెళ్లేవాళ్లు, వలలు లాగేవాళ్లు ఉంటారు. ప్రతి లైనుకూ, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి, అన్ని మోటార్ల బాడీలకూ ఎర్త్ వైరు వేయండి. ఊరికే ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని దాటవేసి నేరుగా కలిపే అలవాటు చాలా చోట్ల ఉంది. అది ట్రిప్ అయితే ఏదో మోటారు నీళ్లలోకి కరెంటు వదులుతున్నట్టే. లైనుకొకటి వేరువేరుగా ఉంటే ఒక్కటి పడిపోయినా మిగతావి తిరుగుతాయి, లీకు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది.

వైర్లలో ఆంపియర్లు తగ్గించడానికి కెపాసిటర్లు పెట్టాలంటే 2 హెచ్‌పీ మోటారుకు ఒక కేవీఏఆర్ చొప్పున, ఆ మోటారు స్టార్టరు దగ్గరే, మోటారుతో పాటే ఆన్, ఆఫ్ అయ్యేలా పెట్టాలి. షెడ్డులో మీటరు పక్కన పెడితే గట్టు వైర్లలో నష్టం తగ్గదు. మోటార్లు ఆగినా కెపాసిటర్లు లైన్లో ఉండిపోతే జనరేటర్ ఓల్టేజీ ఎగబాకి బోర్డులు కాలిపోతాయి.

మోటారు, వేగం

1.5 కిలోవాట్ల (2 హెచ్‌పీ) నాలుగు పోళ్ల మోటారుకు, సామర్థ్య తరగతుల్లో కిందిదైన ఐఈ1 రకంలో సామర్థ్యం 77.2 శాతం, ఐఈ3లో 85.3 శాతం. ఫుల్ లోడులో ఐఈ3 మోటారు 185 వాట్లు తక్కువ లాగుతుంది. 1,680 గంటల పంటకు ఏరియేటర్‌కు 310 యూనిట్లు. నడుస్తున్న మంచి మోటారును తీసి పారేయనక్కరలేదు. రెండోసారి కాయిల్ కాలినప్పుడు మళ్లీ వైండింగ్ చేయించకుండా ఐఈ3 కొనండి.

మార్చాక ఒక పని మరిచిపోకండి. సామర్థ్యం ఎక్కువున్న మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది. చక్రం లాగే శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. 1,400 ఆర్‌పీఎం చోట 1,440 తిరిగితే లోడు 9 శాతం దాకా ఎక్కుతుంది, మిగలాల్సిన కరెంటు అందులోనే పోతుంది. మళ్లీ టాంగ్ టెస్టర్ పెట్టి, మునక సరిచేయాలి.

ఈ ఘనం లెక్కే మోటారు వేగం మార్చే పరికరం వీఎఫ్‌డీకి బలం. 50 హెర్ట్జ్ చోట 40లో నడిపితే వేగం 80 శాతం, కరెంటు సగం. ఆక్సిజన్ కూడా తగ్గుతుంది కనుక రాత్రి చివరి జామున దీన్ని వాడకూడదు. పగలు నీరు కలపడానికి మాత్రం చక్కగా సరిపోతుంది. 35 కంటే కిందకు తేవద్దు, మోటారు ఫ్యాను గాలి చాలదు. ఒకే వీఎఫ్‌డీ మీద నాలుగు మోటార్లు నడిపితే ఒక్కోదానికీ విడిగా ఓవర్‌లోడ్ రిలే ఉండాలి. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య కేబుల్ 50 మీటర్లు దాటితే అవుట్‌పుట్ చోక్ పెట్టాలి, లేకపోతే ఓల్టేజీ పోట్లకు వైండింగ్ ఇన్సులేషన్ పాడవుతుంది.

ఆటోమేటిక్ కంట్రోలు, జనరేటర్

డీవో సెన్సరుతో ఏరియేటర్లు వాటంతట అవి ఆన్, ఆఫ్ అయ్యే బోర్డులు బాగా పనిచేస్తాయి, ఒక్క షరతు మీద: సెన్సరు తెగినా, అంకె తలకిందులైనా అన్ని ఏరియేటర్లూ ఆన్ కావాలి. కొనేముందు అమ్మేవాళ్ల ఎదుటే సెన్సరు వైరు పీకి చూడండి. బోర్డు మౌనంగా ఉంటే ఆ బోర్డు వద్దు. డీవో 4.5 దగ్గర మొదటి జత, 4.2 దగ్గర రెండోది, ఒక్కోటీ పది సెకన్ల తేడాతో ఎక్కేలా పెట్టాలి. మోటారు మొదలయ్యేటప్పుడు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది, అన్నీ ఒకేసారి లేస్తే లైను కుంగుతుంది. సెన్సరు మీద రెండు మూడు రోజులకే జిగురు పడుతుంది, మెత్తటి గుడ్డతో తుడవాలి. చివరి నెలలో అంకె ఎంత బాగున్నా రాత్రి అన్నీ ఆగిపోయే అమరిక ఉండకూడదు. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారు ఆపేసేది) ఎలాగూ తప్పనిసరి, రెండు ఫేజులతో గుర్రుమంటూ నిలబడ్డ మోటారు నిమిషాల్లో కాలిపోతుంది.

చిన్న డీజిలు జనరేటర్ లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది, అదీ మూడు వంతుల లోడు మీద. అవసరానికి రెట్టింపు సైజు కొని పాతిక శాతం లోడుతో నడిపితే యూనిట్‌కు పోయే డీజిలు బాగా పెరుగుతుంది.

సోలారు

ఎకరానికి 2 హెచ్‌పీవి మూడు ఏరియేటర్లు 14 గంటలు తిరిగితే రోజుకు 73 యూనిట్లు. డెల్టాలో కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి. అంటే 18 కిలోవాట్లు, దాదాపు 1,800 చదరపు అడుగుల చోటు. పైగా ప్యానెళ్లు కరెంటు చేసేది ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న వేళ, చెరువుకు కావలసింది అర్ధరాత్రి దాటాక. కాబట్టి నెట్ మీటరింగ్ లేకుండా ఏరియేటర్ల కోసం సోలారు పెట్టుకోవడంలో అర్థం లేదు. పగలు లైనుకు ఇచ్చి రాత్రి తీసుకునే ఏర్పాటు మీ సర్వీసు కేటగిరీకి దొరుకుతుందని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నుంచి కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. పైన చెప్పిన పొదుపులన్నీ ముందే చేసుకుంటే 18 కిలోవాట్ల అవసరం 11, 12కి దిగొచ్చు.

ప్యానెళ్లను గట్టు అంచున నిలపకండి, కోత పడిన గట్టు మీద స్తంభం తుఫానుకు ఆగదు. షెడ్డు పైకప్పో, గట్టి నేలో చూసి, ఫ్రేము ఇనుముకు హాట్ డిప్ గాల్వనైజింగ్, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించండి. చెరువుల దగ్గర కొంగలు, నీటికాకులు ప్యానెళ్ల మీదే వాలతాయి. ఎండిన రెట్ట ఒక్క సెల్లును కప్పినా ఆ ప్యానెల్ దిగుబడి బాగా పడిపోతుంది. అంచుల పైన సన్న తీగ లాగి, వారానికోసారి మంచినీటితో కడగాలి, చెరువు ఉప్పునీటితో కాదు.

లీజు చెరువుల వాళ్లు సోలారు జోలికి వెళ్లకపోవడమే మంచిది, మూడు నాలుగేళ్ల లీజులో పెట్టుబడి తిరిగి రాదు. వాళ్ల డబ్బు కేబుల్, మోటార్లు, డీవో బోర్డు మీద పెట్టాలి. ఇవన్నీ విప్పి తర్వాతి చెరువుకు పట్టుకుపోవచ్చు. కేబుల్‌ను గట్టులో పూడ్చకుండా స్తంభాల మీద వేయండి, షెడ్డు బోర్డూ కేబులూ కౌలుదారువేనని లీజు కాగితంలో రాయించుకోండి.